అడుగులన్నీ లోపలే... మరి గమ్యం?

ఎమ్మెస్సీ మ్యాథ్స్‌లో ఒక పేపర్ పోయింది నాకు. ‘బానక్ స్పేస్‌లో ప్రతి సబ్‌స్పేసూ క్లోజ్డేనా?’ అనడిగితే ‘అవును’ అని రెండు పేజీల ప్రూఫ్ రాసొచ్చా మరి! స్టీల్‌ప్లాంట్‌లో నైట్ షిఫ్టులు చేసి చదివిస్తున్న నాన్నకి ఎలా చెప్పాలి? చీకటిపడేదాకా ఆర్కే బీచ్‌లోనే కూర్చున్నా.

గాజువాకలో ఇంటికెళ్లి చెప్పేశా. తిట్టలేదు. “ఏటమ్మా ఆ ప్రశ్న?” అన్నాడు.

నోట్‌బుక్ తీశా. 0 నుంచి 1 దాకా తెగకుండా సాగే గ్రాఫులన్నీ ఒక పెద్ద ఊరు. రెండు గ్రాఫుల మధ్య ఎక్కడ ఎక్కువ ఎడం ఉంటే, అదే వాటి దూరం. పోలండ్ గణితవేత్త స్టెఫాన్ బానక్ పేరు పెట్టుకున్న స్పేసుల్లో ఇదొకటి. అందులో పాలినామియల్స్ ఒక పేట. వాటిని కూడినా, ఏ నంబర్‌తో గుణించినా పేట దాటవు. కాబట్టి అది సబ్‌స్పేస్.

ఇంటర్‌లో చదివిన సిరీస్ గుర్తుందా? ముందు 1. తర్వాత 1+ఎక్స్. దానికి ఎక్స్ స్క్వేర్ బై 2, ఆపైన ఎక్స్ క్యూబ్ బై 6... ప్రతి మెట్టూ పాలినామియలే. ఎక్స్ 1 అయితే 1, 2, 2.5, 2.667... అలా 2.718 వైపు పోతాయి. చివరికి చేరువయ్యేది ‘ఈ పవర్ ఎక్స్’కి. అది పాలినామియల్ కాదు! ఏ పాలినామియల్‌నైనా డిఫరెన్షియేట్ చేస్తూపోతే ఎప్పుడో సున్నా అవుతుంది. ఇది మాత్రం ఎన్నిసార్లు చేసినా అలాగే ఉంటుంది.

“అడుగులన్నీ ఇంట్లోనే వేస్తే చివరికి వీధిలో తేల్తామేటమ్మా?” అన్నాడు నాన్న.

పరీక్షలో నేను రాసిందీ అదే! త్రీడీలో అది నిజమే. డిగ్రీ 5 దాటకూడదని కట్టేసినా నిజమే. డైమెన్షన్లకి లెక్కుంటే ప్రతి సబ్‌స్పేసూ క్లోజ్డే. డిగ్రీకి హద్దు తీసేస్తేనే లిమిట్ బయటికి జారిపోయే వీలుంటుంది. చిన్న ఇంట్లో నేర్చుకున్న నియమాన్ని అంతులేని ఊరికి అంటగట్టేశా.

సప్లిమెంటరీలో ఈ ఉదాహరణే రాశా. పాసయ్యా. ఆ రోజు షిఫ్టుకి బయల్దేరుతూ నాన్న అడిగాడు: “ఆ పేట గుమ్మం దాకా వచ్చి బయట నిలబడ్డోళ్లు ఇంకెంతమందున్నారమ్మా?”

“బయటున్న వాళ్లందరూ, నాన్నా! ఏ గ్రాఫుకైనా మనం కోరినంత దగ్గరగా ఒక పాలినామియల్ ఉంటుందని వైయర్‌స్ట్రాస్ 1885లోనే నిరూపించాడు.”

“అందరూనా!” అని నవ్వుతూ బండి స్టార్ట్ చేశాడు.