ఫిగరౌట్‌కి తెలుగేంటి?

మా ఆఫీసులో రోజుకి పదిసార్లైనా వినబడే మాట ‘ఫిగరౌట్’. "ఆ బగ్గు ఫిగరౌట్ చేశావా?" "లేదన్నా, ఇంకా చూస్తున్నా." ఇంత వాడుకలో ఉన్నదానికి సరైన తెలుగేంటా అని ఆలోచిస్తే చటుక్కున తట్టదు. అర్థం చేసుకోవడం? కనుక్కోవడం? రెండూ దగ్గరిదాకా వచ్చి ఆగిపోతాయి.

ఫిగర్ అంటే అంకె. (కాలేజీలో ఆ మాటకున్న అర్థం వేరే లెండి.) అంకెలు వేసి లెక్క తేల్చడం కాస్తా, ఆలోచించి సంగతి తేల్చడం అయిందన్నమాట. ఇది అమెరికా వాళ్ళ అలవాటు. బ్రిటిష్ వాళ్ళు అదే చోట ‘వర్క్ ఔట్’ అనడం ఎక్కువ.

అసలు తిరకాసు ‘ఫైండ్ ఔట్’తో. రైలెన్నింటికో ఎంక్వైరీలో అడిగి తెలుసుకుంటే ఫైండ్ ఔట్. ఏ బండెక్కి ఎక్కడ మారితే ముహూర్తానికి అందుకుంటామో మనమే తేల్చుకుంటే ఫిగరౌట్. మనకేమో రెండింటికీ ‘కనుక్కో’ సరిపోతుంది. దీనివల్లే మా టీములో ఒక కుర్రాడు ఇరుక్కున్నాడు. రాత్రిపూట నడిచే జాబు ఎందుకు ఫెయిలవుతోందో ఫిగరౌట్ చెయ్యమని క్లయింటు మెయిలు. ఇతను డేటాబేస్ వాళ్ళకి ఫోన్ చేసి, "టేబుల్ లాకయింది" అని వాళ్ళన్నది ఉన్నదున్నట్టు పంపేశాడు. కనుక్కోమన్నారు, కనుక్కున్నాడు! ఆ లాకు పట్టుకున్న ప్రోగ్రాం ఏది, సరిగ్గా అదే వేళకి ఎందుకు పట్టుకుంటోంది అన్నది కదా వాళ్ళకి కావాల్సింది. ఆ ఏడాది అప్రైజల్లో "చొరవ తక్కువ" అని రాశారు పాపం. చొరవకేం, బోలెడుంది. ఆ మాట అతని చెవికి అలా వినబడింది, అంతే. రేటింగిచ్చిన మేనేజరూ తెలుగాయనే. ఆయనైనా ముందే విడమరిచి చెప్పాల్సింది.

ఇంకోటి. మనం "నాకు అర్థమైంది" అంటాం, అర్థం తనంతట తనే వచ్చి ఒళ్ళో వాలినట్టు. ఇంగ్లీషులో "ఐ ఫిగర్డ్ ఇట్ ఔట్" అంటే పనంతా ఆ ‘ఐ’దే. అలాగని మనకి అలాంటివి లేవా? ‘ఆరా తీశాను’, ‘కూపీ లాగాను’, ‘తేల్చాను’ ఉన్నాయిగా. నా ఓటు ‘తేల్చడా’నికే, అడుగున మునిగున్నదాన్ని పైకి తెచ్చినట్టుంటుంది. "ఎందుకు ఫెయిలవుతోందో తేల్చు" అని ఉంటే ఆ కుర్రాడు ఒక్క ఫోనుతో ఊరుకునేవాడు కాదు.

అన్నట్టు, మీ ఆన్‌సైట్ సంగతి అడిగితే పైవాళ్ళు "వుయ్ విల్ ఫిగర్ సంథింగ్ ఔట్" అన్నారనుకోండి, దానికి మాత్రం అచ్చమైన తెలుగు ‘చూద్దాం’. అప్పుడే పెట్టె సర్దకండి.