సూపర్‌మ్యాన్‌కీ ఒక యశోద ఉంది

ప్యాంటు మీద ఎర్ర చెడ్డీ వేసుకుని, భుజాల మీంచి దుప్పటిలాంటి గుడ్డ వేలాడేసుకుని ఆకాశంలో ఎగిరే సూపర్‌మ్యాన్‌ని ఎరగని ఇల్లు ఈ రోజుల్లో ఉండదు. పిల్లల టిఫిన్ డబ్బా మీద ఆయనే, స్కూలు సంచీ మీదా ఆయనే! మెడకు తువ్వాలు చుట్టుకుని మంచం మీంచి దూకి మోకాళ్లు చెక్కుకున్న పిల్లలు ఏ వీధికి వెళ్లినా కనిపిస్తారు. మన ఎన్.టి.రామారావుగారు కూడా 1980లో ‘సూపర్‌మ్యాన్’ అనే సినిమాలో ఆ వేషం కట్టారు. అందులో ఆయనకు శక్తులిచ్చేది ఆంజనేయస్వామి! ఎగిరేవాడు అనగానే మనవాళ్లు నేరుగా హనుమంతుడి దగ్గరికే వెళ్లారన్నమాట.

ఇంతవరకూ బాగానే ఉంది. అయితే సూపర్‌మ్యాన్ మీద కొత్త సినిమా వచ్చినప్పుడల్లా ఆ బొమ్మల కథల పుస్తకాలు చదివి పెరిగినవాళ్లలో చాలామంది సంతోషించడానికి బదులు గొడవకు దిగుతారు. ‘మా సూపర్‌మ్యాన్ ఇలాంటివాడు కాదు, వీళ్లు పాడుచేశారు’ అని ఒకటే బాధ. మా అబ్బాయి కాలేజీకి వచ్చినా ఆ పుస్తకాలు వదల్లేదు. వాడూ వాడి స్నేహితులూ హాల్లో కూర్చుని వాదించుకుంటూంటే, పకోడీల పళ్లెం అందించే మనకి ‘బొమ్మల పుస్తకానికి ఇంత రాద్ధాంతమా!’ అనిపించడం సహజం. కానీ ఆ గొడవ ఏమిటో కాస్త చెవొగ్గి వింటే, అది అచ్చంగా మన ఆడవాళ్ల సంగతి. పెంపకం సంగతి.

అసలు కథ చూడండి. క్రిప్టాన్ అనే గ్రహం బద్దలైపోబోతోంది. అక్కడి తల్లిదండ్రులు లారా, జోరెల్ తమ పసికందును చిన్న రాకెట్‌లో పెట్టి భూమికి పంపేస్తారు. అది అమెరికాలో కాన్సాస్ అనే రాష్ట్రంలో ఒక పల్లెటూళ్లో వచ్చి పడుతుంది. పిల్లలు లేని రైతు దంపతులు జోనథన్, మార్తా కెంట్‌లు ఆ బిడ్డను తెచ్చుకుని, క్లార్క్ అని పేరు పెట్టి పెంచుకుంటారు. ఎక్కడో విన్నట్టు లేదూ? ప్రాణం కాపాడటానికి కన్నవాళ్లే బిడ్డను దూరంగా పంపడం, పశువులూ పొలమూ ఉన్న ఇంట్లో పెరగడం... దేవకి కన్నది, యశోద పెంచింది!

ఈ పాత్రను పుట్టించింది క్లీవ్‌లాండ్ నగరంలోని ఇద్దరు కుర్రాళ్లు. కథ జెర్రీ సీగెల్‌ది, బొమ్మలు జో షూస్టర్‌వి. 1938లో వచ్చిన మొదటి కథలో ఆ పిల్లవాణ్ణి అనాథాశ్రమంలో వదిలేస్తారు. పెంచినవాళ్లు మరుసటి ఏడు, 1939లో వచ్చిన పుస్తకంలో కనిపిస్తారు. తర్వాత తర్వాత ఎందరో రచయితలు రాసుకుంటూ పోయేకొద్దీ ఆ దంపతులే కథకు వెన్నెముక అయ్యారు. ఎందుకంటే బలం క్రిప్టాన్ నుంచి వచ్చింది, మంచితనం మాత్రం ఆ రైతు ఇంట్లో వచ్చింది. కొండల్ని పిండి చెయ్యగల చేతులున్నవాడు ఎవర్నీ నొప్పించకుండా బతుకుతున్నాడంటే, ఆ అదుపు నేర్పినవాళ్లు ఉండాలి కదా మరి!

ఇంకో ముచ్చట. ఆ నీలం ఎరుపు దుస్తులు ఎవరు కుట్టారనుకుంటున్నారు? మార్తమ్మే! పాత పుస్తకాల్లో, పసివాణ్ణి చుట్టి పంపిన దుప్పట్ల దారాలు ఊడదీసి ఆవిడ ఆ బట్టలు తయారుచేస్తుంది. ఆ దారం ఏ కత్తెరకూ తెగదు. పిల్లవాడే తన కంటిచూపు వేడితో తెంపి ఇస్తాడు. 1986లో జాన్ బర్న్ అనే ఆయన కథనంతా కొత్తగా రాసినప్పుడు కూడా కుట్టుపని మార్తా చేతిలోనే ఉంచాడు. పాత చీరలతో బొంత కుట్టి పిల్లల మీద కప్పే మనకి ఆ సంగతి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు సినిమాలకు వద్దాం. 1978లో క్రిస్టఫర్ రీవ్ నటించిన ‘సూపర్‌మ్యాన్’లో దుస్తులు అమ్మ కుట్టినట్టు చూపించలేదు గానీ, పెంచిన తండ్రిని గొప్పగా చూపించారు. నువ్వు ఈ భూమ్మీదికి రావడానికి ఏదో కారణం ఉండే ఉంటుంది నాయనా అని కొడుక్కి చెప్పిన ఆయన, కాసేపటికే గుండె ఆగి వాకిట్లో కూలిపోతాడు. ఇన్ని శక్తులుండీ నాన్నను కాపాడుకోలేకపోయానే అని ఆ కొడుకు కుమిలిపోతాడు. ఎంత బలవంతుడికైనా చేతకానిది ఒకటుంటుందని ఆ ఒక్క చావుతో తెలిసిపోతుంది.

2013లో జాక్ స్నైడర్ తీసిన ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’ వచ్చింది. ఇందులో దుస్తులు పాతకాలపు క్రిప్టాన్ ఓడ ఒకదాంట్లో దొరుకుతాయి. ఎర్ర చెడ్డీ కూడా తీసేశారు. అభిమానులు దాని మీద పేచీ పెట్టుకుంటే లోకం నవ్వింది. నవ్వదూ మరి! కానీ అసలు దెబ్బ చెడ్డీ దగ్గర కాదు. స్కూలు బస్సు నదిలో పడిపోతే, చిన్న క్లార్క్ తన బలంతో దాన్ని ఒడ్డుకు తోసి తోటి పిల్లల్ని బతికిస్తాడు. నీ శక్తి సంగతి దాచిపెట్టాలని చెప్పానా అంటాడు తండ్రి. అయితే వాళ్లని చావనివ్వాల్సిందా అని పిల్లవాడు అడుగుతాడు. ఏమో, అంతేనేమో అంటాడు ఆయన! పిల్లలకు కథలు చెప్పే ఏ తల్లికైనా ఆ మాట దగ్గర గుండె కలుక్కుమనదూ?

అదే సినిమాలో ఆ తండ్రి సుడిగాలిలో చిక్కుకుంటాడు. కాపాడే శక్తి ఉన్న కొడుకు ఎదురుగానే ఉన్నాడు. అయినా నలుగురికీ నీ రహస్యం తెలిసిపోతుంది, రావద్దు అని చేత్తో సైగ చేసి గాలిలో కలిసిపోతాడు. 1978లో కాపాడలేక పోగొట్టుకున్నాడు, 2013లో కాపాడగలిగీ ఊరుకున్నాడు. రెండు చావులకీ ఎంత తేడా ఉందో చూడండి! చివర్లో జాడ్ అనే దుర్మార్గుడు ఒక కుటుంబాన్ని కాల్చబోతుంటే సూపర్‌మ్యాన్ వాడి మెడ విరిచి చంపేస్తాడు. తర్వాత గుండెలు పగిలేలా అరుస్తాడనుకోండి. ప్రాణం తియ్యడు అని నమ్మినవాళ్లకు మాత్రం అది మింగుడుపడలేదు. పుస్తకాల్లోనూ 1988లో ఒక కథలో చంపాడు కదా అని సినిమా మెచ్చినవాళ్లు గుర్తుచేస్తారు. నిజమే, కానీ అక్కడ ఆ పాపభారం మోయలేక కొన్నాళ్లపాటు భూమినే విడిచి వెళ్లిపోయాడు.

2016లో దాని తరువాయి ‘బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్’ వచ్చింది. అందులో మార్తమ్మ వంతు. లోకమంతా తన కొడుకుని ఆడిపోసుకుంటుంటే ఆవిడ ఏమంటుందంటే, ఈ లోకానికి నువ్వు ఏమీ బాకీ లేవు, ఏనాడూ లేవు అని. కన్నీళ్లు కక్కుతున్న తల్లి మాట అది, తప్పుపట్టలేం. కానీ పుస్తకాల్లో మార్తా నేర్పింది మాత్రం వేరు. చెయ్యగలిగినవాడు చెయ్యాలిరా అని.

అవతలివాళ్ల వాదన కూడా వినాలి. నిజమైన తండ్రి అయితే భయపడడా, బిడ్డను ప్రభుత్వం వాళ్లు పట్టుకుపోతారేమోనని వణకడా అంటారు వాళ్లు. సబబే! రోడ్డు మీద ఎవరికైనా దెబ్బ తగిలితే ‘మనకెందుకురా, పోలీసులూ కోర్టులూనూ’ అని పిల్లల చెయ్యి పట్టుకుని లాక్కుపోయే ఇళ్లు మన చుట్టూ ఎన్ని లేవు? 2013 నాటి జోనథన్ అచ్చం మనలాగే ఉన్నాడు. పుస్తకాల్లోని జోనథన్ మనం ఎలా ఉండాలనుకుంటామో అలా ఉంటాడు. అభిమానుల దుఃఖం అంతా ఇక్కడే ఉంది. మనలాంటివాళ్లని చూడటానికి అద్దం చాలు. కథల్లో ఒక్కడైనా మనకంటే ఓ మెట్టు పైన ఉంటే, పిల్లలు తలెత్తి చూస్తారు.

అలాగని ఏదీ మార్చకూడదని నేననను. మన ‘మాయాబజార్’ (1957) సంగతే తీసుకోండి. వ్యాసభారతంలో శశిరేఖ అనే పిల్లే లేదు! అయినా ఆ పెళ్లి మనింటి పెళ్లిలా చూశాం, ఇప్పటికీ చూస్తున్నాం. ఎందుకంటే కథ పెంచారు గానీ ఎవరి స్వభావమూ చెడగొట్టలేదు. కృష్ణుడు కొంటెగా నవ్వుతూ అన్నీ నడిపించే కృష్ణుడిలాగే ఉన్నాడు, ఘటోత్కచుడు ఎంత మాయలవాడైనా పెద్దలంటే ఒదిగి ఉండే పిల్లవాడిలాగే ఉన్నాడు. కూరలో పోపు మార్చుకోవచ్చు, కారం కాస్త ఎక్కువతక్కువలు చేసుకోవచ్చు. గుత్తి వంకాయ కూర అని పిలిచి వంకాయే లేకుండా వడ్డిస్తే విస్తరి ముందు కూర్చున్నవాళ్లు ఊరుకుంటారా?

అభిమానులు చెప్పేదంతా వేదం కూడా కాదు. మైఖేల్ కీటన్‌ని బ్యాట్‌మ్యాన్‌గా తీసుకున్నారని తెలియగానే ‘హాస్యనటుడికి ఆ పాత్రా!’ అంటూ సినిమా కంపెనీకి వేలకొద్దీ ఉత్తరాలు రాశారు. 1989లో సినిమా వచ్చాక ఆయన్నే నెత్తిన పెట్టుకున్నారు. ముఖం మారినా మనసు మారకపోతే చూసేవాళ్లు సర్దుకుంటారన్నమాట.

మరి ఈ పాత్ర ఎవరి సొత్తు? చట్టం ప్రకారం కంపెనీది. సీగెల్, షూస్టర్‌లు 1938లో 130 డాలర్లకు హక్కులన్నీ అమ్మేశారు. ఆ పాత్ర మీద ఇతరులు కోట్లు గడిస్తుంటే వాళ్లు మాత్రం ఇబ్బందులు పడ్డారు. 1978 సినిమాకు సన్నాహాలు జరుగుతున్న రోజుల్లో తమ గోడు లోకానికి చెప్పుకుంటే, ఏడాదికి చెరో 20,000 డాలర్ల పింఛనూ, కథ మీద వాళ్ల పేర్లూ 1975లో దక్కాయి. కాగితాల మీద హక్కు డబ్బు పెట్టినవాడిదే. కానీ పన్నెండేళ్ల వయసులో దుప్పటి కింద దీపం పెట్టుకుని చదివిన పిల్లవాడికి ఆ పాత్ర మీద ఉన్నది పెంచిన మమకారం. అది ఏ దస్తావేజులోనూ ఉండదు.

2025 జూలైలో జేమ్స్ గన్ తీసిన ‘సూపర్‌మ్యాన్’ విడుదలైంది. ఎర్ర చెడ్డీ తిరిగొచ్చింది! నగరం కూలిపోతున్నా ఆగి ఒక ఉడుతను కూడా కాపాడే మెత్తని మనసూ తిరిగొచ్చింది. పల్లెటూరి యాసలో గలగలా మాట్లాడే అమ్మానాన్నలు వచ్చారు. నువ్వెవరో చెప్పడానికి తల్లిదండ్రులు ఉండరు, నీ నడతే నువ్వెవరో చెబుతుంది అనే అర్థం వచ్చేలా తండ్రి బుజ్జగిస్తాడు. సినిమా మొదట్లో దెబ్బలు తిన్న సూపర్‌మ్యాన్ కన్నవాళ్లు పంపిన సందేశం చూసుకుని ఊరట పొందుతాడు. చివర్లో మాత్రం పెంచినవాళ్లతో గడిపిన చిన్ననాటి దృశ్యాలు చూసుకుంటాడు. అది చూసి చాలామందికి కళ్లు చెమర్చాయి.

కానీ ఇందులోనూ ఒక ముల్లు ఉంది. కన్నవాళ్ల సందేశంలో రెండో సగం బయటపడేసరికి, ఈ భూమి మీద జనాన్ని ఏలుకో అని వాళ్లు చెప్పినట్టు తేలుతుంది. ఇన్నేళ్లూ బిడ్డ మేలు కోరి గుండె రాయి చేసుకున్న లారా, జోరెల్ ఒక్క దెబ్బతో చెడ్డవాళ్లయిపోయారు. పెంచిన తల్లిని గొప్పచెయ్యాలంటే కన్నతల్లిని కించపరచాలా? మన భాగవతంలో చెరసాలలో కన్నీళ్లు మింగిన దేవకీ పూజనీయురాలే, వెన్నముద్దలు పెట్టిన యశోదా పూజనీయురాలే. ఒకరిని పెంచడానికి ఇంకొకరిని తుంచలేదు. బిడ్డను దత్తు ఇచ్చిన తల్లీ, దత్తు తీసుకున్న తల్లీ మన బంధువుల్లోనే ఉంటారు. ఈ మాట వాళ్లకి ఇంకా బాగా తెలుస్తుంది.

అందుకే అంటాను, మీ పిల్లలు ఏదైనా సినిమా చూసొచ్చి ‘మా హీరోని మార్చేశారమ్మా’ అని అలిగి కూర్చుంటే, ‘సినిమాయే కదరా, లేచి అన్నం తిను’ అని కొట్టిపారెయ్యకండి. పక్కన కూర్చుని, ఏం మార్చారో, ఆ మార్పు ఎందుకు నొప్పించిందో అడగండి. బట్టలు మారాయనో జుట్టు మారిందనో అంటే నవ్వేసి ఊరుకోవచ్చు. ‘వాడు ఎవర్నీ అలా వదిలేసి వెళ్లడమ్మా’ అన్నాడనుకోండి, ఆ పిల్లవాడి మనసులో ఏ మంచి వేళ్లూనుకుందో మీకు తెలిసిపోతుంది. ప్రోగ్రెస్ కార్డులో వెయ్యని మార్కు అది!