సెన్సార్ మార్చే ముందు వైరు చూడండి

కొన్నాళ్లుగా మా పెట్రోలు కారు మైలేజీ పడిపోయింది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోతుంటే పసుపు రంగు చెక్ ఇంజిన్ లైట్ కూడా వెలిగింది. ఒకచోట చూడగానే "ఆక్సిజన్ సెన్సార్ పోయింది, మార్చాల్సిందే" అన్నారు. ఆళ్లగడ్డలో మాకు తెలిసిన మెకానిక్ మాత్రం ముందు స్కానర్ పెట్టాడు. కోడ్ పి0135. "ఇది హీటర్ సర్క్యూట్‌లో తేడా సార్. సెన్సారే పోయిందని కాదు" అన్నాడు.

ఈ సెన్సార్ పొగ పైపులో ఉండి, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కనిపెడుతుంది. దాన్నిబట్టే ఇంజిన్ కంప్యూటర్ పెట్రోలు ఎంత వదలాలో లెక్కేసుకుంటుంది. సుమారు 300 డిగ్రీలు వేడెక్కితేగానీ సరిగా పనిచేయదు, అందుకే లోపల హీటర్. ఆ లెక్క తప్పితే పెట్రోలు వృథా అవుతుంది, చివరికి పొగను శుద్ధి చేసే ఖరీదైన క్యాటలిటిక్ కన్వర్టర్‌కే ముప్పు.

మెకానిక్ ముందు ఫ్యూజు చూశాడు, బాగుంది. ఇంజిన్ చల్లారాక కనెక్టర్ ఊడదీసి మల్టీమీటర్ పెట్టాడు, హీటరూ బాగుంది. వైరు వెంటే చేత్తో తడుముకుంటూ పోతే, వేడి పైపుకు తగిలి తొడుగు కరిగిపోయి, లోపల రాగి తీగ తెగి ఉంది. దాన్ని అతికించి, స్లీవ్ తొడిగి, పైపుకు దూరంగా కట్టాడు. కోడ్ చెరిపేసి బండి స్టార్ట్ చేసి కాసేపు ఉంచితే, స్కానర్‌లో వోల్టేజి 0.1కీ 0.9కీ మధ్య చకచకా ఊగింది. సెన్సార్ భేషుగ్గా ఉందన్నమాట.

కొలిచి చూసి నిజం చెప్పే ఇలాంటి పనిమంతులు మన ఊళ్లలోనే ఉన్నారు. లైటు వెలిగితే కోడ్ చూపించమని అడగండి. ఫ్యూజు, వైరింగ్ చూశాకే కొత్త సెన్సార్ మాట ఎత్తండి.