సమాధుల తోటలో తెల్లవారుజాము

శనివారం సాయంత్రానికే తెనాలి దగ్గరి ఆ ఊళ్లో సమాధుల తోట తెల్లగా మెరిసిపోతోంది. గడ్డి చెక్కేవాళ్లు, సున్నం కొట్టేవాళ్లు, చెరిగిపోయిన పేర్ల మీద నల్లరంగు దిద్దేవాళ్లు... ఈస్టర్ ముందురోజు కోస్తా ఊళ్లలో చాలాచోట్ల కనిపించే సందడే ఇది. తెల్లవారుజామున నాలుగింటికల్లా కొవ్వొత్తులు, చామంతి పూలు పట్టుకుని ఇంటిల్లిపాదీ అక్కడికి చేరుకుంటారు. తమవాళ్ల సమాధుల పక్కన నిలబడి పాటలు పాడుతూ పొద్దు పొడుపు కోసం ఎదురుచూస్తారు.

ఆ ఊరి టీచరమ్మగారు మాత్రం మూడు ఈస్టర్లుగా అటువైపు వెళ్లలేదు.

2021 మే నెల. కొవిడ్ రెండో విడత ఊళ్లను ఊపేస్తున్న రోజులు. రిటైరైన హెడ్మాస్టరు, ఆమె భర్త, ఆసుపత్రిలో కన్నుమూశారు. అప్పటికి ఆమె కూడా జ్వరంతో ఇంట్లో వెనకగదిలో పడుకుని ఉన్నారు. సంచిలో చుట్టిన శరీరం అంబులెన్సులో నేరుగా సమాధుల తోటకే వెళ్లిపోయింది. డాలస్‌లో ఉన్న కొడుకు ఫోన్లో వీడియో చూశాడు. ఆమె అదీ చూడలేకపోయారు. స్నానం చేయించలేదు. ఆయనకు ఇష్టమైన జరీ అంచు పంచె కట్టలేదు. గుప్పెడు మట్టి వేయలేదు. ఇస్త్రీ చేసిన ఆ పంచె బీరువాలో అలాగే ఉండిపోయింది.

పరామర్శకు వచ్చినవాళ్లు మంచిమనసుతోనే అన్నారు, ‘‘విశ్వాసులం కదమ్మా, మనం ఏడవకూడదు’’ అని. కొడుకు కూడా ఫోన్లో అదే మాట. ‘‘నాన్న అక్కడ లేరు కదమ్మా, దేవుడి దగ్గరున్నారు. సమాధి దగ్గరికి వెళ్లకపోతే ఏమైంది?’’ ఆమె కాదనలేదు. ముప్ఫై ఏళ్లు సండే స్కూల్లో పిల్లలకు తాను చెప్పిందీ అదే. కానీ చేయాల్సిన పని ఏదో సగంలో వదిలేసినట్టు గుండెలో ఓ బరువు. అది మాత్రం తగ్గలేదు.

2025లో లెంట్ రోజులు మొదలయ్యాక స్త్రీల సమాజం వాళ్లు వచ్చి, ఈస్టర్ ముందు వారం వాక్యం మీరే చెప్పాలని పట్టుబట్టారు. మార్కు సువార్త 16వ అధ్యాయం. ఎన్నోసార్లు చెప్పిన కథే! ఖాళీ సమాధి, తెల్లని వస్త్రాల యువకుడు, శుభవార్త. పిల్లలకు చెప్పేటప్పుడు ఎప్పుడూ అక్కడికే పరుగెత్తేవారు. ఈసారి మొదటి వచనం దగ్గరే ఆగిపోయారు. ఆ ముగ్గురు ఆడవాళ్లు సుగంధ ద్రవ్యాలు ఎందుకు కొన్నట్టు?

పని సగంలో ఆగిపోయింది కాబట్టి.

యేసు ప్రాణం విడిచింది శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటల వేళ. యూదులకు రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. పొద్దుగూకితే విశ్రాంతి దినం. ఇక ఏ పనీ చేయకూడదు. ఆ కాస్త వ్యవధిలోనే అరిమతయి యోసేపు పిలాతును అడిగి దేహాన్ని తెచ్చుకున్నాడు. నారబట్టలో చుట్టి, రాతిలో తొలిచిన సమాధిలో ఉంచి, ద్వారానికి రాయి దొర్లించాడు. గలిలయ నుంచి వెంట వచ్చిన ఆడవాళ్లు దూరంగా నిలబడి చూశారంతే. మగ్దలేనే మరియ, యాకోబు తల్లి మరియ, సలోమే... తమ చేతులతో చేయాల్సింది చేయలేకపోయారు. విశ్రాంతి దినం గడిచాక, ఆదివారం తెల్లవారుతుండగా బయల్దేరారు. రాయి చాలా పెద్దది. దాన్ని తీసేదెవరని దారిలో ఒకరినొకరు అడుగుతూనే ఉన్నారు. జవాబు లేదు. అయినా వెనక్కి తిరగలేదు.

టీచరమ్మగారికి ఆ రాత్రి నిద్రపట్టలేదు. లోకమంతా పండగ చేసుకునే ఆ ఉదయం, అంత్యక్రియలు సరిగ్గా జరగలేదని బాధపడుతున్న ఆడవాళ్లతో మొదలైందన్నమాట!

ఇంకా చదివారు. దూత మాట విన్న ఆ స్త్రీలు వణికిపోయి పరుగెత్తారని, భయంతో ఎవరికీ ఏమీ చెప్పలేదని మార్కు రాశాడు. 4వ శతాబ్దానికి చెందిన రెండు ప్రాచీన ప్రతుల్లో ఆ సువార్త సరిగ్గా అక్కడితోనే ముగుస్తుంది. లూకా సువార్తలో వాళ్లు వెళ్లి చెబితే అపొస్తలులు నమ్మలేదు, వెర్రి మాటలనుకున్నారు. యోహాను సువార్తలోనైతే మరియ సమాధి బయట నిలబడి ఏడుస్తూ ఉంది. ఎందుకేడుస్తున్నావని అడిగిన మనిషిని తోటమాలి అనుకుంది. ప్రభువు ఆమెను కోప్పడలేదు, పాఠం చెప్పలేదు. పేరు పెట్టి పిలిచాడు. ఆ ఒక్క పిలుపుతో గుర్తుపట్టింది.

విశ్వాసులు ఏడవకూడదని ఎక్కడుంది? వెతికితే పౌలు మాట దొరికింది. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రికలో ఆయన చెప్పింది ఆశ లేనివాళ్లలా దుఃఖపడవద్దని. అసలు దుఃఖపడవద్దని కాదు. లాజరును లేపబోతూ కూడా, లేపుతానని తెలిసీ, యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడు కదా!

స్త్రీల సమాజంలో ఆ రోజు ఆమె ఇవే మాటలు చెప్పారు. పంచె సంగతి కూడా చెప్పారు. వింటున్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. 2021 ఆ ఊళ్లో ఒక్క ఇంటినే తాకి వెళ్లలేదు మరి.

వెళ్లాలని అయితే నిశ్చయించుకున్నారు. మోకాళ్ల నొప్పులు, చీకటి, కిలోమీటరుకు పైగా దూరం. తీసుకెళ్లేదెవరు? శనివారం రాత్రి గేటు దగ్గర ఆటో ఆగింది. మాష్టారి దగ్గర చదువుకున్న కుర్రాడు. ‘‘టీచరమ్మగారూ, మా ఆవిడ చెప్పింది. నాలుగింటికి వస్తాను, రెడీగా ఉండండి’’ అన్నాడు.

2025 ఏప్రిల్ 20. ఆటో దిగేసరికి ఆకాశంలో సగం చంద్రుడు. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పున్నమి దాటాక మొదటి ఆదివారం ఈస్టర్. పస్కా పండగ కూడా పున్నమికే. అంటే రెండు వేల ఏళ్ల కిందట ఆ ఆడవాళ్లు నడిచిన తెల్లవారుజామున కూడా ఇలాగే, తరిగిపోతున్న వెన్నెలే ఉండి ఉండాలి.

సమాధి మీద అప్పటికే సున్నం కొట్టి ఉంది. ‘‘ఏటా నేనే కొడుతున్నానండీ’’ అన్నాడు కుర్రాడు. కాసేపాగి నెమ్మదిగా చెప్పాడు. ‘‘ఆ రోజు దింపిన నలుగురిలో నేనొకణ్ని. అంబులెన్సు వెనకే ఆటోలో వస్తూ మీ గోడ దగ్గర ఆగాను. లోపలికి రాకూడదన్నారు. గోడ మీంచే నందివర్ధనం పూలు కోసుకెళ్లి మాష్టారి మీద పోశాం. బళ్లో ఆయన నేర్పిన పరలోక ప్రార్థన చెప్పుకున్నాం. మీరు బాధపడతారని ఇన్నాళ్లూ ఎత్తలేదు.’’

ఆమెకు నీకొదేము గుర్తొచ్చాడు. ఆడవాళ్లు సుగంధ ద్రవ్యాలతో రాకముందే, శుక్రవారమే, అతను 30 కిలోలకు పైగా బోళం, అగరు తెచ్చి దేహానికి పూయించాడని యోహాను రాశాడు. పని పూర్తిగా ఆగిపోలేదన్నమాట. ఎవరో చేశారు. సమాధి మీద చెయ్యి వేసి, నాలుగేళ్లుగా ఆపుకున్నదంతా ఏడ్చేశారు. చుట్టూ కొవ్వొత్తుల వెలుగులో పాటలు సాగుతున్నాయి. ఎవరూ వద్దనలేదు.

తెచ్చిన సుగంధ ద్రవ్యాలను ఆ స్త్రీలు తర్వాత ఏం చేశారో ఏ సువార్తా చెప్పదు. సంచిలోంచి పంచె తీసి టీచరమ్మగారు చాలాసేపు చేత్తో పట్టుకున్నారు. వెలుగొచ్చాక, తోట బాగుచేసే ముసలాయన ‘‘వందనాలమ్మా’’ అంటూ ఎదురొస్తే ఆయన చేతిలో పెట్టారు. ‘‘గుడికి కట్టుకురా తాతా’’ అన్నారు.

ఇంటికి రాగానే డాలస్‌కు ఫోన్ చేశారు. నందివర్ధనం పూల సంగతి, ప్రార్థన సంగతి చెప్పారు. అవతలి నుంచి చాలాసేపు మాట లేదు. తర్వాత వెక్కిళ్లు వినిపించాయి. ఫోన్ చెవికి ఆనించుకుని ఆమె వింటూ కూర్చున్నారు. ఏడవొద్దని మాత్రం అనలేదు.