ఎలిజబెత్, ఆమె గురువు

జర్మనీలోని వార్ట్‌బర్గ్ కోట పేరు వినగానే మనకు లూథరుగారు జ్ఞాపకమొస్తారు. 1521లో ఆయన అక్కడ దాగియుండి క్రొత్త నిబంధనను జర్మను భాషలోనికి తర్జుమా చేశారు. అంతకు మూడువందల యేండ్ల ముందు అదే కోటలో కాపురమున్న ఎలిజబెత్‌ను గూర్చి మేము వేదాంత కళాశాలలో చదివినది రెండు పంక్తులే. ఇటీవల ఆమె పరిచారికలు ఇచ్చిన సాక్ష్యమును చదివిన రాత్రి మాకు నిద్రపట్టలేదు.

ఆమె హంగేరీ రాజు రెండవ ఆండ్రూ కుమార్తె. 1207లో జన్మించింది. నాలుగేండ్ల ప్రాయములోనే, కాబోయే అత్తవారింట పెరగడానికి థురింగియాకు పంపించారు. 1221లో లుడ్విగ్ ప్రభువుతో వివాహమైంది. 1226లో కరువు వచ్చినప్పుడు, భర్త ఇటలీలో ఉండగా, కోట ధాన్యపు కొట్లు తెరిపించి పేదలకు పంచింది. ఆమె ఒడిలోని రొట్టెలు గులాబీలుగా మారినట్లు పటములలో చూస్తుంటాము. అది తరువాతి కాలపు కథ. పరిచారికల సాక్ష్యములో గులాబీలు లేవు. మాకైతే అందులో ఉన్నదే ఎక్కువ అద్భుతముగా తోచింది: బీదల నుండి అన్యాయముగా గుంజిన సొమ్ముతో వచ్చిన ఆహారము ఆమె ముట్టేది కాదు. భర్త ప్రక్కన విందులో కూర్చుండి, ఏ పదార్థము ఎక్కడిదని అడిగి తెలిసికొనేది. పానము మాత్రమే న్యాయమైనదైతే ఆ పూట తిండి లేదు. రెండూ న్యాయమైనవని తెలిసిన రోజున చిన్నపిల్లవలె చప్పట్లు కొట్టేది!

ఈ నియమము పెట్టినవాడు ఆమె ఆత్మీయ గురువైన మార్‌బర్గ్ కొన్రాడ్. మంచి నియమమే. ఆయన ధనాపేక్ష లేని బోధకుడు కూడా. 1227 సెప్టెంబరులో లుడ్విగ్ క్రూసేడు యుద్ధమునకు పోతూ ఒట్రాంటో రేవులో జ్వరముతో మరణించాడు. ఇరువదేండ్లకే ఆమె ముగ్గురు బిడ్డల తల్లియైన విధవరాలు. ఆస్తినంతా వదలి ఇంటింటా భిక్షమెత్తుతానంటే కొన్రాడ్ వద్దన్నాడు. ఆ సొమ్ముతోనే 1228లో మార్‌బర్గ్‌లో ఆసుపత్రి వెలసింది. రోగుల పుండ్లు ఆమె స్వయముగా కడిగింది.

కాని విధేయత చూపేవారు దొరికితే బోధకునికి ఏమి జరుగుతుందో చూడండి. చిన్ననాటి నుండి తోడున్న గూడాను ఆమె యొద్దనుండి పంపివేశాడు. అనుమతి లేని మఠములో అడుగుపెట్టిందని ఎలిజబెత్‌ను, ఆమెతోనున్న ఇర్మ్‌గార్డ్‌ను కొట్టించాడు. వారిని కొట్టుచుండగా ఆయన ప్రక్కన నిలిచి, కరుణించుమని దేవుని వేడుకొను ఏబది యొకటవ కీర్తన పాడాడట. వాతలు మూడు వారములున్నవి. వరద వస్తే వంగి, నీరు తీయగానే లేచే ఏటిగడ్డి వంటివారము మనమని ఆమె ఇర్మ్‌గార్డ్‌తో చెప్పిందట. 1231 నవంబరులో ఇరువది నాలుగేండ్లకే కన్నుమూసింది. ఆమెను పునీతురాలిగా ప్రకటించుమని పోపుకు వ్రాసినవారిలో కొన్రాడ్ కూడా ఉన్నాడు! 1233లో ఆయన హత్య చేయబడ్డాడు. 1235లో ఆమె పునీతురాలైంది.

మేము ఎవరినీ కొట్టలేదు. అయితే పరిచర్యకు వచ్చిన తొలి రోజులలో, మా సంఘములో ఒక యౌవన విధవరాలు ప్రతి సాయంకాలము భర్త సమాధి యొద్దకు పోయి కూర్చునేది. నిరీక్షణ లేనివారివలె దుఃఖపడరాదని ఉపవాస ప్రార్థనలో అందరి యెదుట ఆమెతో చెప్పాము. ఆమె మానివేసింది. ఈస్టరు తెల్లవారుజామున ఊరంతా కొవ్వొత్తులతో సమాధుల తోటకు పోయినా, ఆమె మందిరము మెట్ల మీదనే నిలిచిపోయేది. మా మాటకు ఎంత విలువనిచ్చిందోనని మురిసిపోయాము. ఒకటి రెండు సభలలో ఆమె పేరు చెప్పకుండ ఉదాహరణగా కూడా వాడుకొన్నాము.

ఆ సాక్ష్యము చదివిన మరునాడు మేము ఆమె ఇంటికి వెళ్లి, ఆనాడు పొరపాటు చేశామని చెప్పాము. ఆమె తల వంచుకొని, “పాత మాటలెందుకులెండి అయ్యగారూ, మీరు చెప్పారు, నేను పోలేదు,” అని కాఫీ తెచ్చింది. మేము లేవబోతుండగా గుమ్మము వరకు వచ్చి, సమాధుల తోట దారిలో తుమ్మకంప కొట్టించారా, నడవడానికి వీలుగా ఉన్నదా అని అడిగింది.