రాజముఖం, మట్టిబిళ్ళ

గ్రీకు, రోమన్ పురావస్తువులు చూడాలంటే ఐరోపా విశ్వవిద్యాలయాల మ్యూజియాలకే పోవాలని మల్కాజ్‌గిరిలో నా విద్యార్థులంటారు. అక్కరలేదు. సంగారెడ్డి దగ్గరి కొండాపూర్‌లో, 1940–42 తవ్వకాల్లో, ఆగస్టస్ చక్రవర్తి బంగారు నాణెం దొరికింది. అది వినగానే 'మన ప్రాచీన వైభవం!' అని పొంగిపోతారు. ఎవరి వైభవం?

భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టర్సులు లాగేస్తున్నదని రోమన్ పండితుడు ప్లినీ వాపోయాడు. అక్కడ గనులు తవ్వినవారిలో బానిసలున్నారు. ఇక్కడ పూసలు చేసిన పనివాడికి దక్కిన వాటా ఎంతో ఎవరూ రాయలేదు.

అదే కొండాపూర్‌లో రోమన్ నాణేలను అనుకరించిన మట్టిబిళ్ళలూ దొరికాయి, దారం ఎక్కించి మెడలో వేసుకునేందుకు వీలుగా. బంగారం అందనివారే వాటిని ధరించి వుంటారని నా ఊహ. పరాయి రాజు ముఖాన్ని నగ చేసుకున్న ఆ మెడ ఎవరిదని అడగటంతోనే చరిత్ర మొదలవుతుంది. మన ప్రబంధాలను కూడా ఆ ప్రశ్నతోనే చదవాలి.