పెరట్లో తిరిగే రాగిపూలు

తాడేపల్లిగూడెంలో మా ఇంటి పెరటిగోడ మీదుగా రోడ్డువైపు రెండు రాగిపూలు కనిపిస్తాయి. ఒక్కొక్కటి అడుగు వెడల్పు. ఒకే ఇరుసు మీద ఒకదాని వెనుక ఒకటి ఉండి, ముందుది కుడికి, వెనుకది ఎడమకు తిరుగుతుంటాయి. సాయంత్రం పైరగాలి లేచేసరికి వాటి మీద పడిన ఎండ గోడ మీద, మందారచెట్టు మీద పరుగులు తీస్తుంది. దారిన పోయేవారు ఆగి, "ఇదేం యంత్రమండీ? దీంతో కరెంటు వస్తుందా?" అని అడుగుతుంటారు. "రాదండీ, అందానికి తిరుగుతుందంతే" అంటే నవ్వి వెళ్లిపోతారు. ఆ చక్రం మా ఇంటికి ఎలా వచ్చిందో, దానివల్ల మేము ఏమి నేర్చుకున్నామో సాటి తల్లిదండ్రులతో చెప్పుకోవాలనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మేము కొల్లేటి లంకల్లో పుట్టి పెరిగినవాళ్లం. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఐదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు కొట్టివేశారు. వాటిలో మా చెరువు కూడా ఉంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్లు ఉప్పుటేరు దాకా పోవాలంటే సరస్సులో దారి ఉండాలి కదా! ఆ సంగతి మాకూ తెలుసు. అయినా మా జీవనం పోయింది. అప్పటికి మావాడికి తొమ్మిదేళ్లు. వాణ్ణి తీసుకుని గూడెం వచ్చి, అద్దె ఇంటి వెనుక రేకుల షెడ్డు వేసుకుని, మోటార్లకు వైండింగు చేయడం, రైసుమిల్లుల సామాను బాగుచేయడం మొదలుపెట్టాం.

ఒక్కడే కొడుకు. వాడైనా చదువుకుని చేతికి మసి అంటని ఉద్యోగం చేయాలని మా ఆశ. 2014లో వాడు ఇంటర్మీడియెట్ లెక్కల పరీక్ష తప్పాడు. సప్లిమెంటరీ రాసి మళ్లీ తప్పాడు. ఆ రెండు నెలలూ మేము అన్న మాటలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మాలో ఒకరు ఆపితే మరొకరం అందుకునేవాళ్లం. అన్నం దగ్గర అదే మాట, ప్రార్థన దగ్గర కూడా అదే మాట. దేవునితో మాట్లాడుతున్నట్టే మాట్లాడి వాడికి తగిలేలా దెప్పేవాళ్లం. మొదట్లో వాడు ఎదురు చెప్పేవాడు. తరువాత ఏడ్చేవాడు. చివరికి ఏమన్నా పలకడం మానేశాడు. మేము దాన్ని మొండితనం అనుకున్నాం.

రెండోసారి ఫలితాలు వచ్చిన రాత్రి వాడు ఇంటికి రాలేదు. స్టేషనులో, ఉల్లిపాయల మార్కెట్టులో, స్నేహితుల ఇళ్లలో వెదికాం. రైలుపట్టాల పక్కన టార్చిలైటు పట్టుకుని నడిచిన ఆ రాత్రి సంగతి రాయడానికి మాకు చెయ్యి రాదు. తెల్లవారాక లంక నుంచి వాడి తాతయ్య ఫోను చేశారు. "పిల్లాడు నా దగ్గరే ఉన్నాడు. కంగారుపడకండి" అన్నారు. దొరికిన రైలెక్కి ఏలూరులో దిగి, కైకలూరు బస్సు పట్టుకున్నాం.

పెద్దాయన అప్పట్లో సరస్సు బయట ఒకరి చెరువుకు కాపలా ఉండేవారు. మేము వెళ్లేసరికి తాతా మనవడూ గట్టు మీద ఉన్నారు. గూడబాతులు, నీటికాకులు చేపల కోసం దిగకుండా చెరువు గట్ల మీద డబ్బారేకుతో గాలిచక్రాలు చేసి కట్టడం వారికి అలవాటు. గాలికి అవి తళతళమంటూ, టకటకమని చప్పుడు చేస్తూ తిరుగుతాయి. అక్కడ ఒక కొత్త చక్రం తిరుగుతోంది. పెద్దాయన దాన్ని చూపించి, "రాత్రి లాంతరు దగ్గర కూర్చుని వాడే చేశాడు. నేను చేసినదానికంటే తేలిగ్గా తిరుగుతోంది. ఇప్పుడు వాణ్ణి ఏమీ అనకండి. ఆకలిగా ఉన్నాడు, ముందు అన్నం తిననివ్వండి" అన్నారు. ఏమీ అనలేదు. అనడానికి మాకు ఓపిక కూడా లేదు.

ఇంటికి వచ్చాక వాడు షెడ్డులోనే ఉండేవాడు. డబ్బారేకు ఒక్క వానాకాలానికే తుప్పు పడుతుంది, రాగికి ఆ బాధ లేదని వాడికి తోచింది. దాచుకున్న డబ్బులతో అర మిల్లీమీటరు మందం రాగిరేకు కొన్నాడు. అడుగు వెడల్పు చక్రం గీసి, రేకుల్లా కత్తిరించి, ఒక్కో రేకును దోనెలా వంచడానికి కొయ్యసుత్తితో కొట్టేవాడు. మొదట రాగి చెప్పినట్టు వినేది. కొడుతున్నకొద్దీ గట్టిపడేది. ఇంకా గట్టిగా కొడితే అంచు దగ్గర పగిలేది. అలా మూడు రేకులు పాడయ్యాయి. రాగి కిలో లెక్కన కొనే సరుకు. మా నోరు మళ్లీ లేచింది.

ఆ రోజుల్లో పెరవలి దగ్గరి అజ్జరం నుంచి ఒక ముసలాయన మోటారు బాగుచేయించుకోవడానికి వచ్చారు. ఇత్తడి సామానుకు అజ్జరం ఎంత పేరున్న ఊరో మన జిల్లాలవారికి చెప్పనక్కరలేదు. ఆయన అక్కడ చిన్నప్పటి నుంచి ఆ పని చేసినవారు. మూల పడేసిన రేకులు తీసి, పగుళ్ల మీద బొటనవేలితో రాస్తూ చూశారు. "ఈ రాగి మంచిది కాదేమోనండీ, మొండిగా ఉంది" అన్నాం మేము. ఆయన తల అడ్డంగా ఊపి, "రాగి మొండిది కాదండీ. మీరే కొట్టి కొట్టి మొండిది చేశారు" అన్నారు.

ఆయన అన్నది రాగి గురించే. మా ఇంటి సంగతి ఆయనకేమీ తెలియదు. అయినా మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం.

ఆయన మావాణ్ణి పిలిచి, "బాబూ, ఇలా రా. దీన్ని మధ్యమధ్యలో కాల్చుకోవాలి" అని చేసి చూపించారు. గ్యాసు బర్నరు వెలిగించి, రేకును నీడపట్టున పెట్టి, మసక ఎరుపు వచ్చేదాకా కాల్చారు. వెలుతురులో అయితే ఆ ఎరుపు కంటికి ఆనదు. రాగి కరగడానికి 1085 డిగ్రీల వేడి కావాలి. మెత్తబడడానికి అందులో సగం, సగానికి కాస్త పైన చాలు. తరువాత పటకారుతో పట్టి నీళ్లలో ముంచారు. ఉక్కునైతే కాల్చి ముంచితే గట్టిపడుతుంది. రాగి కాల్చి ముంచినా మెత్తగానే ఉంటుంది. దెబ్బలకు నలిగిపోయిన లోపలి రేణువులు ఆ వేడికి మళ్లీ కొత్తగా కుదురుకుంటాయట. ఇందాక సుత్తికి లొంగని రేకును ఆయన రెండు వేళ్లతో తమలపాకులా వంచి మావాడి చేతిలో పెట్టారు. "నాలుగు దెబ్బలు వేశాక చప్పుడు మారుతుంది, విను. అప్పుడు ఆపి కాల్చుకో. ఆ తరువాత మళ్లీ కొట్టుకో" అన్నారు. మావాడు నవ్వాడు. ఎన్నాళ్లకో వాడి నవ్వు చూశాం. ఆ రాత్రి పరీక్షల ఊసెత్తకుండా ముగ్గురం కలిసి భోజనం చేశాం.

పని చేతికొచ్చాక వాడు ఒకరోజు అటక మీది రాగికాగు అడిగాడు. అది వాడి మామ్మది. లంకలో ఇంటిల్లిపాదికీ నీళ్లు కాచిన కాగు. ఆమె పోయాక మాతో గూడెం వచ్చింది. దాన్ని కోయడానికి మాకు మనసొప్పలేదు. పండక్కి వచ్చిన పెద్దాయనను అడిగితే, "అటక మీద బూజు పట్టడానికా దాచింది? కోయండి" అన్నారు. ఆ మాట అని కాసేపు బయటికి వెళ్లి నిలబడ్డారు.

కాగు పక్కలను కోసి, కాల్చి, సాపుచేసి, వాడు రెండు చక్రాలు గీశాడు. వృత్తలేఖినిని ఏ కొలతతో చుట్టు గీశాడో ఆ కొలతతోనే చుట్టూ ఆరుసార్లు గుర్తుపెట్టాడు. సరిగ్గా ఆరు భాగాలయింది. ఒక్కోదాన్ని సగం చేస్తే పన్నెండు. లెక్కలు తప్పినవాడి చేతిలో ఆ పన్నెండు రేకులూ వెంట్రుకవాసి తేడా లేకుండా రావడం చూసి మేము నోరు మెదపలేదు. రేకు కత్తెరతో కత్తిరించి, అంచులు ఆకురాయితో నున్నగా రాచి, చింతమొద్దు గుంటలో పెట్టి దోనెలుగా కొట్టి, ఒక చక్రం రేకులు ఒక పక్కకు, రెండో చక్రం రేకులు రెండో పక్కకు మెలిపెట్టాడు. మధ్యలో పాత సీలింగుఫ్యాను బేరింగులు బిగించాడు. చింతపండు, ఉప్పు వేసి తోమితే మామ్మ నాటి కాగు రంగు తేలింది.

మొదటిరోజు అది తిరగలేదు. తిప్పి వదిలితే ప్రతిసారీ ఒకే రేకు కిందికి వచ్చి ఆగిపోయేది. ఆ రేకు బరువన్న మాట. దాన్ని కొంచెం కొంచెం రాచుకుంటూ, ఎక్కడ వదిలితే అక్కడే నిలిచేదాకా సరిచేశాడు. ఇనపగొట్టానికి రాగి నేరుగా తగిలిన చోట, వానకు తడిసి ఇనుము తొందరగా తినేస్తుందని తరువాత తెలిసింది. మధ్యలో రబ్బరు వాషర్లు వేశాడు. గొట్టం పాతేరోజున పెద్దాయన వచ్చి పట్టుకున్నారు. ఆ మరుసటి ఏడు ఆయన ప్రభువునందు నిద్రించారు.

మేము భయపడినదల్లా కిలుము గురించి. కళాయి లేని రాగిగిన్నెలో పులుసు వండితే విషమవుతుందని, కిలుమంటే చెడుగేనని చిన్నప్పటి నుంచి విన్నాం. కానీ ఆరుబయట ఉన్న రాగికి గాలీ వానా తగిలి ముందు గోధుమరంగు, ఏళ్ల తరబడి ఉంటే పచ్చరంగు పొర పడుతుంది. ఆ పొరే లోపలి రాగిని కాపాడుతుంది. న్యూయార్కు రేవులో 1886 నుంచి నిలబడి ఉన్న స్వేచ్ఛామూర్తి విగ్రహం పైతొడుగు రాగిరేకే. దాని మందం రెండున్నర మిల్లీమీటర్లకు లోపే. ఉప్పుగాలిలో దాన్ని ఇన్నాళ్లు నిలిపింది ఆ పచ్చపొరే. అందుకని మేమూ తోమడం మానేశాం.

మా సంఘకాపరి అడిగితే మావాడు చర్చి పూలమొక్కల మధ్య ఒక చక్రం పెట్టాడు. దేవుని ఆవరణలో ఈ ఆటవస్తువు ఏమిటని కొందరు పెద్దలు అడిగారు. అప్పుడు అయ్యగారు, పడమటి దేశాల్లో చర్చి శిఖరాల మీద గాలికి తిరిగే కోడిపుంజు ఉంటుందని, ఇటలీలోని బ్రెషా నగరంలో 9వ శతాబ్దంలో రాగితో చేసిన పుంజు ఇప్పటికీ మ్యూజియంలో ఉందని చెప్పారు. ఆ పుంజును చూసినప్పుడు పేతురు గుర్తుకు రావాలట. కోడి కూయకముందే మూడుసార్లు తప్పిపోయినవాడే తరువాత సంఘానికి స్తంభమయ్యాడు. అయ్యగారు చెబుతుంటే మావాడు తల వంచుకుని విన్నాడు. మేమూ తల వంచుకున్నాం.

ఇప్పుడు షెడ్డు వాడిదే. ఐటీఐలో ఫిట్టరు కోర్సు చేశాడు. కూడు పెట్టేవి మోటార్లు, మిల్లు పనులే. రాగిచక్రాలు నెలకు మూడో నాలుగో చేస్తాడు. కొన్ని కడియం నర్సరీల దారిన తోటలవారికి చేరతాయి. ఇంటర్ లెక్కల పరీక్ష మాత్రం మళ్లీ రాయలేదు. తుపాను కబురు వినగానే చక్రాలు విప్పి లోపల పెట్టడం మా వంతు పని.

ఏటా ఫలితాలు వచ్చే రోజుల్లో మా సంఘంలో ఏదో ఒక ఇంట్లో కేకలు వినిపిస్తాయి. ఆ ఇంటివారిని మేము మా షెడ్డుకు టీకి పిలుస్తాం. అక్కడ గోడ మేకుకు మావాడు మొదట పగలగొట్టిన రేకు వేలాడుతూ ఉంటుంది. పగులు అలాగే ఉంది, టంకం వేయలేదు. ఎవరైనా అదేమిటని అడిగితే, ముసలాయన మాట చెబుతాం. అడగకపోతే టీ ఇచ్చి, కాసేపు కూర్చోబెట్టి పంపుతాం.